డెబ్బై

ఎస్తెలీలో అక్టోబరంటే
గోడలకు చెమట పట్టే నెల.
దండెం మీది తువ్వాళ్లు ఆరవు,
నా మంగలి షాపులో కత్తెరలు కూడా
కీచుమంటూ నూనె అడుగుతాయి.

ఆదివారం మధ్యాహ్నం తలుపు ఓరగా వేసి
దేవదారు పెట్టె మూత తీస్తాను.
వడ్రంగి ఫెర్మీన్ బాకీ కింద చేసిచ్చిన పెట్టె:
పదకొండు గడ్డాలు, నాలుగు క్రాపులు,
వాళ్ల తమ్ముడి పెళ్లి ముస్తాబు.
లోపల పద్నాలుగు చుట్టలు.
మూతకి అటువైపు, ఇత్తడి అంచుతో, గుండ్రటి తేమ మీటరు.
ముల్లు డెబ్బై మీద.
మూడేళ్లుగా డెబ్బై మీదే.
ఊళ్లో ఇంకెవడి పెట్టెకుంది ఇంత నిలకడ?

మామూలు చుట్టలు కావివి.
అడుగాకు మండటానికి, నడిమాకు వాసనకి,
మొక్క నెత్తినెక్కి కూర్చుని
అందరి ఎండా తనే తాగిన ఆకు
ఇంకెందుకో మీకు చెప్పక్కర్లేదు.
మొదటి దమ్ముకి మిరియం.
ఆ తర్వాత మాడిన కాఫీ గింజ, తడిసిన గుర్రపు జీను.
సగం దాటేసరికి కాళ్లు నావి కావు,
గిరాకీల కుర్చీ నన్నెక్కించుకుని
దానంతటదే తిరుగుతుంది.
అప్పుడు నాలుక కింద బెల్లం ముక్క.
అమాదా దాన్ని ముందే సాసర్లో పెట్టి ఉంచి
"పౌరుషం దిగిందా?" అంటుంది, లోపలి గదిలోంచి.

నికొలాసా చుట్టల ఫ్యాక్టరీలో
నిల్వగది చూస్తుంది, ఇరవై రెండేళ్లుగా.
కొడుకు జుట్టు కత్తిరించడానికి తెచ్చి
నా ముల్లుని చూసి కళ్లు చికిలించింది.
బీరు మూతలో చెంచాడు ఉప్పు,
మూడు చుక్కల నీళ్లు,
మీటరుతో కలిపి ప్లాస్టిక్ సంచిలో మూతిబిగించి
"రేపటికి డెబ్బై అయిదు చూపాలి.
ఉప్పుకి మొహమాటాల్లేవు" అంది.

మర్నాడు: డెబ్బై.
రొట్టెల పెనం పక్కన పెట్టాం: డెబ్బై.
చూరు కింద వానలో పట్టాం: డెబ్బై.
నికొలాసా చెవి రింగులు ఊగేదాకా నవ్వింది.
కత్తి మొనతో అద్దం ఊడదీస్తే
ఇరుసులో ఇరుక్కుని
ఒక పొగాకు నలుసు.

మరి ఇవి ఎండిపోలేదేం, బూజు పట్టలేదేం?
ఏమో.
ఏప్రిల్ గాలికి ఊరు దుమ్ములో మునిగినప్పుడు
ఒకదాన్ని చెవి దగ్గర నలిపితే
పాత ఉత్తరంలా గరగరలాడింది.
తడి స్పాంజి ముక్క పెట్టాను.
జూన్‌లో మెత్తబడితే తీసేశాను.
ప్రతిసారీ ఆ తర్వాత ముల్లు చూసుకుని
"బాగుంది" అనుకుని మూతేశాను.
అదంతా చెబుతుంటే
ఆమె ఒక చుట్టని బొటనవేలితో నొక్కి, వాసన చూసి
ఏమీ అనకుండా
తన చొక్కా జేబులో పెట్టుకుంది.

ఇప్పుడు కొత్త మీటరు, అంకెలు వెలిగేది.
అరవై ఎనిమిది. డెబ్బై ఒకటి. అరవై ఆరు.
రాత్రి రెండింటికి టార్చి పట్టుకుని లేస్తున్నాను.
"బిడ్డలకి జ్వరమొచ్చినప్పుడు
ఒక్కసారి లేచావా?" అంది అమాదా.
మొన్న ఆదివారం చుట్ట రెండుసార్లు ఆరిపోయింది.
దాని తప్పు కాదు. నా చూపు పెట్టె మీదుంది.
బెల్లం ముక్క సాసర్లోనే చీమల పాలైంది.

పాతదాన్ని అద్దం పక్కన మేకుకి తగిలించాను.
వానలో తడిసొచ్చిన వాళ్లు
మెడ చుట్టూ గుడ్డ కట్టించుకుంటూ అడుగుతారు,
ఇవాళ తేమ ఎంతుందని.
వెనక్కి తిరగకుండానే
డెబ్బై, అంటాను.
"అదీ, అనుకున్నా" అని
హాయిగా తల వెనక్కి వాలుస్తారు.